లావణ్యకు ఫోన్లో మాట్లాడే మనిషిని వెతికిన సంగతి

ఉగాది వెళ్ళిన మరుసటి మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. ఇది గుర్తుపెట్టుకుని చెబుతున్న టైము కాదు. కాటా నుంచి వచ్చే చీటీ మీద టైము అచ్చవుతుంది. ఆ చీటీ నేను చూశాను. దాని మీద బరువు నలభై ఆరు కిలోలని ఉంది. మిర్చి బస్తాను మేం టిక్కీ అంటాం. అది టిక్కీ బరువు కాదు, మా షెడ్డులో సరుకు నాణ్యం చూసే పిల్ల లావణ్య బరువు.

ఆ రోజు ఒక లాటు ఎగుమతికి వెళ్ళాలి. లావణ్య తేమ మిషను పెట్టి చూసి, తేమ ఎక్కువుంది, మళ్ళీ ఎండబెట్టాల్సిందేనని లోడింగు ఆపించింది. లారీ గుమ్మంలో నిలబడి ఉంది. మేనేజరు ప్రసాద్‌కు ఫోన్ మీద ఫోన్ వస్తోంది. సంతకం పెట్టమన్నాడు. పెట్టనంది. అతను హమాలీలను పిలిచే మైకు చేతిలోకి తీసుకున్నాడు.

“రామ్మా లావణ్యా, ఇలా వచ్చి కాటా ఎక్కు. తేమ కొలిచేదాని బరువెంతో మేమూ కొలుస్తాం.”

పిల్ల నవ్వులాటేమో అనుకుని నిలబడిపోయింది.

“ఎక్కమంటుంటే!”

ఎక్కింది. కాటా గుమస్తా రమణను బటను నొక్కమన్నాడు. ఎర్ర అంకెలు వెలిగాయి.

“నలభై ఆరు! జీతం మాత్రం రెండు టిక్కీలది. తాలు కింద వేసేయండిరా దీన్ని.”

తాలు అంటే రంగు పోయిన కాయ, పక్కకు పారేసేది. మైకులో అన్నాడు కాబట్టి షెడ్డు ఆ చివరిదాకా వినపడింది. లావణ్య కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. కాటా చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఈ పనిలోకి కొత్తగా సూపర్‌వైజర్లుగా వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఏం నేర్చుకోవాలి అక్కా అని. సరుకు సంగతి ఎవరైనా నేర్పుతారు. నేను ఆలస్యంగా నేర్చుకున్నది, తప్పు చేసి నేర్చుకున్నది రాస్తాను.

నా పని

మాది పొదిలి పక్క మెట్ట ఊరు. వాన పడితే పంట, లేకపోతే వలస. అలా గుంటూరు వచ్చి మిర్చి తొడిమలు తీసే కూలికి కుదిరాను. తర్వాత ముఠాకు పెద్దనయ్యాను. చివరికి ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఫ్లోర్ సూపర్‌వైజర్ అని మెడలో కార్డు వేశారు. పోయినేడు ఆ పని నుంచి దిగిపోయాను.

ముప్ఫై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం రాదు. అప్పటి కాటా గుమస్తా సుబ్బారావు గారని పెద్దాయన, టిక్కీల మీద వేసే మార్కా అక్షరాలు చూపించి నాకు చదువు చెప్పారు. ‘క’ నేర్చుకోవడానికి నెల పట్టింది. ఒకరోజు విసుగొచ్చి, “ఈ వయసులో నాకెందుకు సార్ ఇది?” అన్నాను.

“వేలిముద్ర వేసేవాళ్ళ చేత చటుక్కున వేయిస్తారు మస్తాన్‌బీ. సంతకం పెట్టేవాళ్ళు ఏం రాసుందోనని కాసేపు ఆగుతారు. ఆ కాసేపు కోసం నేర్చుకో” అన్నారు. నేను చూసిన పెద్దవాళ్ళలో ఆయనొక్కరే ఎవరి మీదా అరవలేదు. ఆయన జీతం మిగతావాళ్ళ జీతం కంటే తక్కువని తర్వాత తెలిసింది.

నా పని సరుకు చూడటమని కాగితం మీద ఉండేది. నేను రోజంతా చూసింది మనుషులను. తొడిమ తీసే చెయ్యి నెమ్మదిస్తే ఇంట్లో ఏదో జరిగిందని అర్థం. గంప పక్కన పెట్టి ఊరికే లేచి తిరుగుతుంటే నడుము నొప్పి. పాట పాడే మనిషి పాడటం మానేస్తే జ్వరమో, మొగుడో. ఇవన్నీ నాకు చూడగానే తెలిసేవి. తెలియనిది ఒక్కటే, ఏడుపు.

మిరపకాయల మధ్య పనిచేసేవాళ్ళకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ళు కారుతూనే ఉంటాయి. ముక్కు కారుతుంది, గొంతు మండుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళయితే మొదటి వారం కళ్ళు తెరవలేరు. వాళ్ళను చూసి పాతవాళ్ళు నవ్వుతారు. అది మా షెడ్లలో ఆచారం. “కొత్త కోడలికి మిరపకాయ సారె పెట్టిందే” అని ఎగతాళి చేస్తారు. నన్నూ చేశారు, నేనూ చేశాను. నవ్వితే కొత్తమనిషి రోషం తెచ్చుకుని గట్టిపడుతుందని మా నమ్మకం. అలా ఏళ్ళ తరబడి కన్నీళ్ళు చూసి నవ్వీ నవ్వీ, ఏ నీళ్ళు మంటకు వచ్చాయో ఏ నీళ్ళు మనసుకు వచ్చాయో చూడటం మానేశాం.

నాగేంద్రమ్మ

లావణ్య కంటే చాలా ముందు, నేను ముఠాకు పెద్దగా ఉన్నప్పుడు, నాగేంద్రమ్మ అని ఒకామె ఉండేది. చెయ్యి మంచి చురుకు. అప్పటి మేస్త్రి ఆమెను వరసలో చివర, దుమ్ము ఎక్కువ పడే చోట, రోజూ ఒక్కదాన్నే కూర్చోబెట్టేవాడు. ఎందుకో అందరికీ తెలుసు. అతను అడిగినదానికి ఆమె ఒప్పుకోలేదు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు. “నీళ్ళతో కడుక్కో, తగ్గుతుంది. కొంగుతో రుద్దకు” అని చెప్పి పంపించాను. మరుసటి రోజు నుంచి పనికి రాలేదు. గంటలో ఆమె చోటులో ఇంకొకామెను కూర్చోబెట్టాను. ఇంటికి వెళ్ళి చూడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత పట్నం బజారులో కనిపించింది. నేను పిలిచాను. నన్ను చూసి రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయింది. బాగానే ఉంది, చేతిలో కూరగాయల సంచి ఉంది. కానీ నాతో మాట్లాడలేదు.

గేటు దగ్గర

లావణ్యది దాచేపల్లి. తండ్రి సున్నపురాయి క్వారీలో పనిచేసి నడుము పోగొట్టుకున్నాడు. ఈ పిల్ల డిగ్రీ చదివి, బ్రాడీపేటలో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసేది. ఆ గదిలో నలుగురు. మా షెడ్డులో నాణ్యం చూసే కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్ల. మిషను పెట్టకముందే గుప్పెట్లో కాయ గలగలలాడించి, “ఇది ఇంకా ఆరలేదు ఆంటీ” అనేది. మిషను కూడా అదే చెప్పేది. ఆ పని అంటే ఆమెకు ప్రాణం.

కాటా సంగతి జరిగాక వారంపాటు హమాలీల వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చింది. ఎందుకంటే ఆమె గదికి వెళ్ళే దారి కాటా పక్కనుంచే. తర్వాత ఆలస్యంగా రావడం మొదలైంది. తర్వాత ఒకరోజు గేటు బయట, వేపచెట్టు మొదట్లో వాంతి చేసుకుంటూ కనిపించింది. చేతిలో కాగితం ఉంది.

“ఏంటది?”

“రాజీనామా ఆంటీ.”

“ఎవరైనా వేరే చోట పిలిచారా?”

“లేదు. రోజూ గేటు దాకా వస్తాను. కాళ్ళు వణుకుతాయి. ఊపిరి ఆడదు. రాత్రి తిన్నది కూడా బయటికి వస్తుంది. నాకు ఈ పని ఇష్టం ఆంటీ. కానీ లోపలికి రాలేకపోతున్నాను. నాకు పిచ్చి పడుతోందేమో.”

ఈసారి కళ్ళు కడుక్కోమని చెప్పలేదు. ఆమె ఉన్నది గేటు బయట. అక్కడ మిరపకాయ లేదు. అప్పటికిగానీ నా బుర్ర పనిచెయ్యలేదు.

“ఆ కాగితం పది రోజులు నా దగ్గర ఉండనీ. ఎవరికైనా చూపిద్దాం” అన్నాను.

“బ్రాడీపేట క్లినిక్కుల్లో చూపించుకోను. మా హాస్టల్ వాళ్ళు ఆ మెట్ల మీద చూశారంటే సాయంత్రానికి నాకు పేరు పెడతారు. అది మన షెడ్డుకు తెలిస్తే ప్రసాద్ గారు మైకులో చదువుతారు.”

ఆమె చెప్పింది నిజం. ఆ వీధిలో ఏ క్లినిక్ మెట్లు ఎక్కినా కింద ఆటోవాడు కూడా బోర్డు చదువుతాడు.

వెతుకులాట

మా రెండో అమ్మాయి షాహీన్ నర్సు. అడిగితే, “అమ్మా, ఇప్పుడు వీడియో కాల్లో మాట్లాడే కౌన్సెలర్లు ఉన్నారు. ఉద్యోగం చోట గొడవలకు కూడా చూస్తారు. కానీ ఎవరు పడితే వాళ్ళు బోర్డు పెడతారు, చూసుకో. సైకాలజీ చదివి, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళయి ఉండాలి” అంది.

నేను ఫోన్లో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. ‘పని చేసే చోట బాధ తెలుగులో మాట్లాడే డాక్టరమ్మ’. ముందు జాతకాలు చెప్పేవాడొచ్చాడు. తర్వాత జుట్టు నూనె. తర్వాత ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు. లావణ్య పక్కన కూర్చుని చాలా రోజుల తర్వాత నవ్వింది. “ఆంటీ, మీరు కొట్టినదానికి వీళ్ళు ముగ్గురూ తగినవాళ్ళే” అంది.

ఆమె వెతికితే ఒక యాప్ దొరికింది. దాంట్లో మాట్లాడటం ఉండదు, రాయడమే. అదీ ఇంగ్లీషులో. పిల్ల అరగంట కూర్చుని కాటా సంగతి రాసింది. ‘మీ బాధ అర్థమైంది. ఇంకా చెప్పండి’ అని వచ్చింది. ఇంకా రాసింది. మళ్ళీ అదే వచ్చింది. “ఆంటీ, ఇది మనిషో మిషనో తెలియట్లేదు” అంది. చివర్న సన్న అక్షరాల్లో చదివితే మిషనే. తేమ కొలవడానికి మిషను మంచిదే. దీనికి పనికిరాలేదు.

రెండోసారి కోటు వేసుకున్న ఒకాయన. ఫోటో బాగుంది. పదిహేను నిమిషాలు ఉచితమన్నాడు. తెలుగు కూడా బాగా మాట్లాడాడు. “మీ బాస్ మీకు శత్రువు కాదమ్మా, మిమ్మల్ని ఎదగడానికి తోసే గురువు” అన్నాడు. లావణ్య మొహం పాలిపోయింది. ఫోన్ నేను తీసుకున్నాను.

“బాబూ, ఈ పని కోసం ఏం చదివారు?”

“మేడమ్, జీవితమే నా యూనివర్సిటీ.”

“నాదీ అదే కాలేజీ బాబూ. కానీ నేను ఎవరి దగ్గరా ఫీజు తీసుకోలేదు” అని పెట్టేశాను.

మూడోది కంపెనీ వాళ్ళే ఇచ్చిన నంబరు. ఉద్యోగుల కోసమట, గోడకు అంటించి ఉంది. ఫోన్ ఎత్తగానే ఉద్యోగి నంబరు అడిగారు. లావణ్య భయపడి పెట్టేసింది. వాళ్ళు మంచివాళ్ళే అయి ఉండొచ్చు. కానీ జీతం ఇచ్చేవాళ్ళే ఫీజు కడుతుంటే, విన్నది ఎవరి దగ్గరికి వెళుతుందో ముందు అడిగి తెలుసుకోవాలి. మేం అడగలేదు, ధైర్యం లేకపోయింది.

నాలుగోసారి దొరికింది సరైన మనిషి. షాహీన్ ఆస్పత్రిలో ఒక డాక్టరు ద్వారా. వేరే జిల్లాలో ఉంటుంది, వీడియోలోనే చూస్తుంది. ఆవిడ పేరు రాయను. ముందు నేనే ఫోన్ చేశాను. అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకుని కూర్చున్నాను.

“ఏం చదివారమ్మా?”

చెప్పింది. రిజిస్ట్రేషన్ నంబరు కూడా చెప్పి, మీ అమ్మాయి చేత సరిచూపించుకోండి అంది. విసుక్కోలేదు.

“మందులిస్తారా?”

“నేను ఇవ్వనండి. అవసరమనిపిస్తే మందులు రాసే డాక్టరు దగ్గరికి పంపుతాను.”

“ఎన్నిసార్లు మాట్లాడితే తగ్గుతుంది?”

“ముందే చెప్పలేను. నాలుగైదుసార్లు అయ్యాక ఏమైనా తేడా ఉందేమో ఇద్దరం చూసుకుంటాం. నాతో కుదరకపోతే ఇంకొకరి పేరు నేనే చెబుతాను.”

“ఆ పిల్ల చెప్పింది బయటికి పోతుందా?”

“పోదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే తప్ప. ఆ మాట ఆమెకు మొదటి రోజే చెబుతాను. ఇంతకీ మీరు ఆమెకు ఏమవుతారు?”

“సూపర్‌వైజర్ని.”

“అలాగాండి. అయితే ఇక నుంచి ఆమే నాకు ఫోన్ చెయ్యాలి. ఆమె గురించి మీతో మాట్లాడను.”

నాకు ఒళ్ళు మండింది. వెతికింది నేను, జీవితమంతా ఆ షెడ్డులో ఉన్నది నేను, ఈవిడెవరు నన్ను అవతల నిలబెట్టడానికి అనుకున్నాను. నలుగురిలోకీ ఆవిడే సరైన మనిషని ఆ ఒక్క మాటతోనే తెలియాల్సింది. నాకు తెలియడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

చింతపండు గింజలు

హాస్టల్ గదిలో నలుగురి మధ్య మాట్లాడలేదు. షెడ్డులో గోడలు మందం, సిగ్నల్ రాదు. మా ఇంట్లో ముందు గది ఖాళీ చేసి ఇచ్చాను. ఆదివారం పది గంటలకు లావణ్య లోపల తలుపు వేసుకుని ఫోన్ నిలబెట్టుకుంది. నేను గుమ్మం బయట పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. కాపలా అన్న పేరు పెట్టుకున్నాను.

లోపల నుంచి ఆవిడ గొంతు వినపడింది. “మీరున్న ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?”

“ఆంటీ గుమ్మం బయట ఉన్నారండి. చింతపండు గింజలు తీస్తున్నారు.”

“మన మాటలు ఆవిడకు వినపడతాయా?”

“తెలియదండి. కానీ గింజల చప్పుడు ఆగిపోయింది.”

ఇక నాకు ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. చెప్పులేసుకుని బజారుకు వెళ్ళాను. తర్వాత ప్రతి ఆదివారం పదింటికి మా ఇంట్లో కూరగాయలు నిండుకునేవి.

ఎవరికైనా ఇలా సాయం చేసేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. గది ఇవ్వండి, ఫోన్ ఛార్జింగు చూడండి, వెళ్ళిపోండి. బయటికి వచ్చాక ఏం చెప్పింది, ఏం అడిగింది అని ప్రశ్నలు వెయ్యకండి.

లావణ్య తనంతట తాను చెప్పింది కొంచెం రాస్తాను. ఆవిడ ప్రసాద్‌ను తిట్టలేదట, వెనకేసుకొనీ రాలేదట. వణుకు వచ్చినప్పుడు ఊపిరి ఎలా తీయాలో నేర్పింది. కాటా దగ్గరికి ఒక్కసారిగా వెళ్ళమనలేదు. ఒక వారం కాటా కనిపించేంత దూరంలో నిలబడి వెనక్కి రమ్మంది. తర్వాత వారం పది అడుగులు. పిల్ల పని గంటల్లో ఊరికే గోడకు ఆనుకుని కాటా వైపు చూస్తూ నిలబడేది. అంతకుముందు నేనయితే “ఏం చూస్తున్నావమ్మా, సినిమానా?” అని గట్టిగా అనేదాన్ని. నోరు నొక్కుకున్నాను.

మూడో ఆదివారం

మూడో ఆదివారం నేను బజారు నుంచి వచ్చేసరికి లావణ్య గుమ్మంలో కూర్చుని ఉంది.

“ఆంటీ, ఒక మాట అడగనా? కోప్పడకూడదు.”

“అడుగు.”

“ఆ రోజు మీరూ నవ్వారు కదా.”

సంచి కింద పెట్టాను. “మిరపకాయ మంట అనుకున్నానమ్మా.”

“లేదు ఆంటీ. మీకు తెలుసు.”

“మా షెడ్లలో అది అలవాటే. నేను వచ్చిన కొత్తలో నన్ను చూసి నెల రోజులు నవ్వారు. నేను తట్టుకోలేదా?”

“నేను వాంతి చేసుకుంటున్నది ఆయన అరుపుకని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన అందరి మీదా అరుస్తాడు. నాకు కళ్ళు మూసుకుంటే ఆయన గొంతు వినపడట్లేదు ఆంటీ, మీ అందరి నవ్వు వినపడుతోంది. గేటు దాటితే లోపల మీరందరూ ఉంటారు. అందుకే రోజూ దాటడానికి అంత కష్టమవుతోంది.”

నాకు ఆ వయసు కూతురుంది. ఎవరైనా కాటా ఎక్కిస్తే వాడి చెయ్యి విరగ్గొట్టి ఉండేదాన్ని. ఈ పిల్ల విషయంలో పళ్ళు బయటపెట్టి నిలబడ్డాను. ఆవిడ నన్ను అవతల ఎందుకు ఉంచిందో అప్పుడు తెలిసింది. సూపర్‌వైజర్ని అన్న మాటలోనే ఆవిడకు సగం అర్థమై ఉంటుంది.

“తప్పు చేశాను” అన్నాను. ఇంకేమీ అనలేదు. అంటే సాకు అవుతుంది.

“ఏం చేద్దామనుకుంటున్నావు?” అని అడిగాను.

“ఆవిడ కూడా అదే అడిగారు. నాకు ఉద్యోగం కావాలి. జరిగింది జరిగిందని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఓనర్ గారికి ఫిర్యాదు రాస్తాను. ఆ రాజీనామా మీ దగ్గరే ఉండనివ్వండి.”

ఎవరు చూశారు

రాసింది. ఓనర్ పిలిపించాడు. ప్రసాద్ నవ్వుతూ, “సరదాకి తనే ఎక్కింది సార్, బరువు చూసుకుంటానని. ఎవరినైనా అడగండి” అన్నాడు. ఓనర్ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. “ఎవరు చూశారో రాసివ్వండి. రెండు రోజుల్లో ఎవరూ చెప్పకపోతే ఇది ఇక్కడితో అయిపోయింది” అన్నాడు. అంటే లావణ్య అబద్ధం చెప్పిన మనిషిగా మిగులుతుంది. ఆ మచ్చతో ఈ చుట్టుపక్కల ఏ షెడ్డులోనూ ఆమె సంతకానికి విలువ ఉండదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర, చూసింది చెబుతారా అని అందరినీ అడిగాను. ముందుగా లేచింది నాగమణి. మా వరసకు నోరు ఆమే.

“ఏందక్కా, నువ్వు మూడు నెలల్లో దిగిపోయి ఇంట్లో టీవీ చూసుకుంటావు. రేపు ఆయన నాకు వారానికి రెండు రోజులే పనిస్తే నా పొయ్యి నువ్వు వెలిగిస్తావా?”

“వెలిగించలేను.”

“మరి? ఊరికే చెప్పొచ్చావు.”

కోటేశ్వరమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంటూ, “నవ్వులాటకి అన్నాడు లేవే. నన్ను ఎన్నిసార్లు గున్న ఏనుగు అన్లేదు? నేను ఏడిచానా?” అంది.

“ఇక్కడ ఏడవలేదు. ఇంట్లో అద్దం గోడవైపు తిప్పేశానని నువ్వే కదే నాకు చెప్పావు” అన్నాను.

కోటేశ్వరమ్మ ముద్ద మింగి చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

హమాలీల పెద్ద ఏసోబు దూరంగా బీడీ కాలుస్తూ అరిచాడు. “మస్తానక్కా, నా పేరు గానీ రాస్తావా ఏంది? రాస్తే, పని పోయాక నీ ఇంటికి వచ్చి భోజనం పెట్టమంటా, చూసుకో.”

“రారా, పెడతాను. చూసిన కళ్ళు నీకు రెండూ ఉన్నాయి కదా?”

“ఉన్నాయిలే” అన్నాడు, తల పక్కకు తిప్పుకుని.

నాగమణి మాటలో తప్పు లేదు. దిగిపోయేవాళ్ళ ధైర్యం చవక. అందుకని ఎవరినీ సంతకం పెట్టమనలేదు. ఆ రోజు కాటా దగ్గర ఎవరెవరు ఉన్నారో పేర్లు నేను రాస్తానన్నాను. “మీ పేరు రాస్తున్నానని మీకు ముందే చెబుతున్నాను. ఓనర్ పిలిచినప్పుడు ఏం చెబుతారో మీ ఇష్టం. అక్కడ లేమని మాత్రం అనకండి.” ఇద్దరు నన్ను తిట్టారు. ఒకామె నాలుగు రోజులు పలకరించలేదు.

పేర్లు పట్టుకుని ఓనర్ ఒక్కొక్కరినీ పిలిచాడు. మొదటి ఇద్దరూ గుర్తులేదన్నారు. మూడోది నాగమణి. లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. లోపల ఏమందో అక్కడే ఉన్న రమణ తర్వాత చెప్పాడు. “నవ్వాం సార్. నవ్వకపోతే మైకు మా వైపు తిరుగుతుందని నవ్వాం.” ఆమె తర్వాత వెళ్ళినవాళ్ళందరూ ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

ప్రసాద్‌ను తీసెయ్యలేదు. ఇంకో గోడౌనుకు మార్చారు. అతను ఓనర్ గదిలో ఫ్యాను వైపు చూస్తూ లావణ్యతో తప్పయిందన్నాడు. అది చాలదని నేనంటాను. చాలునని లావణ్య అంది. ఆమె మాటే లెక్క. నాగమణికి పని రోజులు తగ్గలేదు. తగ్గి ఉంటే నేను ఏం చేసి ఉండేదాన్నో నాకు తెలియదు. ఆ మాట దాచను.

లావణ్య ఇప్పుడు అక్కడే పనిచేస్తోంది. కాటా పక్కనుంచే నడుస్తుంది. నెలకొకసారి ఆవిడతో ఇంకా మాట్లాడుతుంది, హాస్టల్ మారి తీసుకున్న ఒంటి గదిలో. కౌన్సెలర్ ఆమెకు గేటు దాటే బలం ఇచ్చింది. గేటు లోపల ఉండేది మనం. సూపర్‌వైజర్లయ్యే పిల్లలు ఈ రెండు సంగతులూ కలిపి చూడండి. ఎవరికైనా డాక్టరమ్మను వెతికిపెట్టేటప్పుడు, ఆ బాధలో మీ చెయ్యి ఎంత ఉందో కూడా వెతకండి.

ఓనర్‌కు ఇచ్చిన కాగితం నేను నా చేత్తో రాసింది. లావణ్య తప్పులు దిద్దుతానంది, వద్దన్నాను. రాయడానికి ఒక పూట పట్టింది. అందులో ఉన్నది ఇది.

మంగళవారం పదకొండు గంటల పది నిమిషాలకు కాటా దగ్గర ఉన్నవాళ్ళు. మైకు పట్టుకున్నది ప్రసాద్ మేనేజరు. కాటా మీద నిలబడింది లావణ్య, తనంతట ఎక్కలేదు, ఎక్కించారు. బటను నొక్కింది రమణ, నవ్వలేదు, తల వంచుకున్నాడు. తొడిమల వరసలో నాగమణి, కోటేశ్వరమ్మ, పెద్ద మరియమ్మ, చిన్న మరియమ్మ, జాన్‌బీ, వెంకాయమ్మ, ఆరుగురూ నవ్వారు. హమాలీలు ఏసోబు, శ్రీను నవ్వారు. ఖాసిం టిక్కీ మోస్తూ వెళ్ళిపోయాడు, విన్నాడు. లారీ డ్రైవరు బాషా, పొదిలి మనిషి, “ఆడపిల్లను దించండయ్యా” అన్నాడు, ఎవరూ వినలేదు. కాటాకు రెండడుగుల దూరంలో, దించమని చెప్పే అధికారం ఉండి కూడా చెప్పకుండా నిలబడింది షేక్ మస్తాన్‌బీ, ఫ్లోర్ సూపర్‌వైజర్. ఆమె కూడా నవ్వింది.